అరగని సబ్బు

ఈ ఉదయం అరిగిపోయిన సబ్బుముక్కను కొత్త సబ్బుకు అతికిస్తుంటే, ఆ తడి వాసనకు అమ్మ గుర్తొచ్చింది. ఆమె కూడా ఇట్లాగే అతికించేది. అమ్మా నాన్నా ఆదోనిలో పత్తిమిల్లుకు పోయేవాళ్ళు. సాయంత్రం రాగానే, జుట్టులో దూదిపింజలతోనే అమ్మ నాకు స్నానం చేయించేది.

ఆమె పోయాక, ఆమె వాడిన ఆఖరి ముక్కను నాన్న కొత్త సబ్బుకు అతికించాడు.

"పారేయాకు పాపా, మీ అమ్మ రుద్దుకున్నెది," అన్నాడు.

అమ్మ దాంట్లోనే ఉందనీ, రుద్దితే కరిగిపోతుందనీ నేను నమ్మాను. రోజూ ఉత్త నీళ్ళే పోసుకుని వచ్చేదాన్ని.

ఒకరోజు ఎమ్మిగనూరు నుంచి మేనత్త వచ్చింది.

"ఏందన్నా, సాబూను ఇట్ల ఎండిపోయింది? ఈ ఇంట్లో ఎవురూ రుద్దుకోరా?" అంది.

నాన్న తల వంచుకున్నాడు. ఆయన చెవుల వెనక మిల్లు దూది అట్లాగే ఉండటం అప్పుడు చూశాను.

పెద్దయ్యాక చదివాను. లాటిన్‌లో 'సాపో' అట. పోర్చుగీసువాళ్ళ 'సబావ్', అరబ్బుల 'సాబూన్', మా అత్త నోటి సాబూను, మన సబ్బు, అన్నీ దాన్నుంచి వచ్చినవే. ఎన్ని నోళ్ళలో ఎంత అరిగినా, జనం వాడుతూ వచ్చారు కాబట్టి ఆ మాట మిగిలింది. మేం వాడకుండా దాచుకున్న ముక్క మాత్రం ఎండి, పగిలి, తనంతట తానే ఊడిపడింది.

అమ్మ పేరునూ మేం అట్లాగే దాచుకున్నాం. నాన్నకు ఏడుపొస్తుందని నేను, నాకొస్తుందని ఆయన, ఆయన పోయేదాకా ఒక్కసారీ పలకలేదు.