పెదనాన్న పాల వైద్యం

నా చిన్నప్పుడు పాలు తాగితే నాకు ఒళ్లంతా దద్దుర్లు లేచేవి, పెదవులు ఉబ్బేవి. కారేపల్లి అవతల అడవి అంచున మా ఊరు. కొట్టం నిండా బర్రెలున్న ఇంట్లో పాలు పడని పిల్ల పుట్టడం మా పెదనాన్నకు జబ్బులా కనిపించలేదు, తన బర్రెలకు అవమానంలా కనిపించింది. ఊరి తగవులు తీర్చే పెద్దమనిషి కదా, నా కడుపుతో తగవు కూడా తనే తీరుస్తానని బయలుదేరాడు.

"అలవాటు లేకనే గట్లయితుంది. జరంత జరంత పోసుకుంటూ పోతే అదే పడ్తది" అని తేల్చేశాడు. పొద్దున్నే బెల్లం నీళ్లలో చుక్క పాలు కలిపి, మందని చెప్పి తాగించేవాడు. మా అమ్మకు తెలియనివ్వలేదు. ఆయనకు హుషారు వచ్చిన రోజు చుక్క కాస్తా చెంచా అయ్యేది. నా మూతి చుట్టూ ఎర్రబడితే చీమ కుట్టి ఉంటుందనేవాడు. ఆయనగారి వైద్యం అలా సాగింది.

కొన్నాళ్లకే తనంత వైద్యుడు లేడనుకున్నాడు. ఒకరోజు చుట్టాలొస్తే నన్ను వాకిట్లో నిలబెట్టి, తన ఘనత చెప్పుకుంటూ నిండు గ్లాసు చేతిలో పెట్టాడు. తాగాను. గ్లాసు కింద పెట్టకముందే గొంతు మూసుకుపోయింది, ఊపిరి లోపలికి పోలేదు. అప్పుడు ఆ మహానుభావుడు చేసిన పనేమిటంటే, వేషాలేస్తోందని నవ్వడం. వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చిన అమ్మ నన్ను భుజాన వేసుకొని, రోడ్డు మీద తునికాకు మూటలతో పోతున్న లారీకి అడ్డం నిలబడింది. ఖమ్మం దవాఖానాలో సూది వేశాకే నేను కళ్లు తెరిచాను.

మర్నాడు ఇంటికొస్తే అరుగు మీద కూర్చుని, గ్లాసు కొంచెం పెద్దదైంది, మళ్లీ చెంచాతో మొదలుపెడదాం అన్నాడు. సిగ్గూ శరం లేని మనిషి. అంతవరకు ఆయన ఎదుట నిలబడి మాట్లాడని అమ్మ, నన్ను చంకలోంచి దించకుండానే, గొంతు పెంచకుండానే చెప్పింది.

"బావగారూ, నా బిడ్డకు ఊపిరాడకుంటే మీరు నవ్విన్రు. ఇగ దాని నోటికాడికి మీ చెయ్యి రావద్దు."

ఆ పూట నుంచి అమ్మ కూడా పెరుగు ముట్టలేదు. నా పక్కనే కూర్చుని చారన్నంతో లేచేది. ఇంటికి అరిష్టమని పెదనాన్న గొణిగేవాడు. గొణిగితే గొణిగాడు.

ఇప్పుడు నా మనవడిదీ అదే బాధ. హైదరాబాదులో డాక్టరమ్మ కొద్దికొద్దిగా పాలిచ్చి అలవాటు చేస్తామంటే, పెదనాన్న చీర కట్టుకొని మళ్లీ పుట్టాడా అని ఒళ్లు మండింది. తోడు వెళ్లి చూశాను. సిరంజితో కొలిచి ఇస్తుంది. సూది మందు పక్కనే పెట్టుకొని గంటల కొద్దీ కూర్చోబెట్టి చూస్తుంది. మోతాదు పెంచేదీ తన కళ్లముందే. పిల్లాడికి జలుబు చేస్తే, "ఇవాళ పెంచొద్దమ్మా, నాకు భయం" అంది. అంత చదివిన మనిషి నోట ఆ మాట విని నాకు కళ్లనీళ్లు తిరిగాయి. మా అల్లుడుగారు మాత్రం ఇంట్లో మనమే పోసుకుంటే పోలా అని తెలివి చూపించారు. నేను చూసిన చూపుకు లేచి అవతలి గదిలోకి వెళ్లిపోయారు.

ఆ వాకిట్లో నేర్చుకున్నది నాకింకా పోలేదు. పసిపిల్లల విషయంలో భయపడేవాళ్లనే నమ్ముతాను. "ఏం కాదులే" అనేవాణ్ణి, ఎంత పెద్దమనిషైనా సరే, పిల్లల పక్కన కూర్చోనివ్వను.