గంట తాత మీద నేను చెప్పిన సాక్ష్యం

నా చిన్నప్పుడు మా తాతయ్య రోజుకో ఇంగ్లీషు మాట నేర్పేవారు. నేను రోజూ ఆ మాటతో పేచీ పెట్టుకునేదాన్ని. ఆయన బందరు కోర్టులో సాక్షుల వాంగ్మూలాలు రాసే గుమాస్తాగా పనిచేసి, రిటైరయ్యాక మోపిదేవి దగ్గర మా ఊరొచ్చి స్థిరపడ్డారు. ఒకరోజు 'డిపోజ్' అనే మాట చెప్పారు. మనిషిని పదవిలోంచి దించెయ్యడం అని ఒక అర్థం, ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పడం అని ఇంకో అర్థం. దించడానికీ సాక్ష్యానికీ ఏమిటి సంబంధం, ఇంగ్లీషువాళ్లకి మాటలు కరువయ్యాయా అని దెబ్బలాడాను. తాతయ్య నవ్వారు. పదేళ్ల నాతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు లెండి.

మా చర్చిలో గంట కొట్టే ముసలాయన్ని ఊరంతా గంట తాత అనేవాళ్లు. ఆ తాడు పట్టుకోవడమే ఆయనకి హోదా. ఉతికిన పంచె కట్టుకొచ్చి, మూడు దెబ్బలు కొట్టి, కాస్త ఆగి, మరొక్కటి కొట్టేవాడు. కాలవ గట్టు మీద నడిచొచ్చేవాళ్లు ఆ చివరి దెబ్బ వినే అడుగు వేగం పెంచేవాళ్లు. ఒకసారి నేను ఆ తాడుకి వేలాడుతూ ఊగుతుంటే చెవి మెలేశాడు. అది మనసులో పెట్టుకున్నాను.

తరవాత ఒక ఆదివారం గంట బాగా ఆలస్యమైంది. తాగొచ్చాడని గుసగుసలు లేచాయి. ఆరాధన అయ్యాక సంఘపెద్దలు ఎవరైనా చూశారా అని అడిగారు. కల్లుపాక దగ్గర కనబడ్డాడటే అని పక్కింటి అక్క నా చెవిలో ఊదింది. అంతే, నేను ముందుకెళ్లి, "నేను చూశానండీ, పాకలోంచి తూలుకుంటూ వచ్చాడు" అన్నాను. కోర్టు గుమాస్తాగారి మనవరాలు అబద్ధమాడుతుందా అని అందరూ నమ్మారు. సాయంత్రానికి తాడు ఇంకొకాయన చేతికి వెళ్లింది.

ఆ రోజు తాతయ్య బందరులో ఉన్నారు. రెండు రోజుల తరవాత వచ్చి, సంగతి విని, కేకలెయ్యలేదు. వరండాలో బల్ల వేసుకుని, తెల్లకాగితం తీసి, నన్ను ఎదురుగా నిలబెట్టి, దేవుడి ఎదుట నిజమే చెబుతానని ప్రమాణం చేయించారు. ఆట అనుకుని హుషారుగా చేశాను. చూసిందే రాస్తాను, విన్నది రాయను అని ముందే చెప్పారు.

"పాక దగ్గరికి ఎప్పుడు వెళ్లావు?"

"నేను వెళ్లలేదు, అక్క చెప్పింది."

"అక్క సంగతి అక్క వచ్చి చెప్పుకుంటుంది. తూలడం చూశావా?"

"తాగినవాడు తూలడా మరి!"

"అమ్మలూ, చూశావా?"

అడ్డంగా తలూపాను. కోర్టులో సాక్షి చెప్పింది తిరిగి చదివి వినిపిస్తారట, సరేనంటేనే సంతకమట. నాదీ చదివారు. పాక దగ్గరికి నేను వెళ్లలేదు. గంట తాతని ఆ రోజు చర్చి బయట నేనెక్కడా చూడలేదు. అంత వాగిన నోటికి మిగిలింది రెండే వాక్యాలు. "సరిగా ఉందా అమ్మలూ?" అని అడిగారు. సంతకం పెట్టాను. 'డిపోజ్' మాట మీద ఇంగ్లీషువాళ్లతో నా పేచీ కూడా ఆ రోజుతో సరి.

సంఘపెద్దల ముందు ఆ కాగితం నాచేతే చదివించారు. ఆయన్ని మళ్లీ పిలుద్దామన్నారు వాళ్లు. కానీ గంట తాత అప్పటికే గుడివాడలో కూతురింటికి వెళ్లిపోయాడు. మర్నాడు తాతయ్య నన్ను వెంటబెట్టుకుని గుడివాడ బస్సెక్కారు.

గంట తాత ఇరుకు సందులో కూతురింటి గడప మీద కూర్చుని ఉన్నాడు. నేను తల వంచుకుని కాగితంలోది గొణిగాను. అన్నేళ్లు గంట కింద నిలబడ్డ చెవులు! "వినబళ్లేదమ్మాయ్, గట్టిగా చదువు" అన్నాడు. గట్టిగా చదివాను. "ఇంకా గట్టిగా!" మూడోసారికి సందులో ఆడవాళ్లంతా గుమ్మాల్లోకొచ్చారు. కుళాయి కింద బిందె పెట్టినావిడ, "వేలెడంత లేవు, అంత మాట ఎలా అన్నావే!" అని బుగ్గలు నొక్కుకుంది.

ఆయన మాత్రం, "ఆ రోజు చలిజ్వరం తల్లీ, కాళ్లు ఆడలేదు" అన్నాడు. తాతయ్య రమ్మని ఎంత బతిమాలినా రానన్నాడు. "కొత్తాయన కొడుతున్నాడు కదా గుమాస్తాగారూ. ఆయనేం తప్పు చేశాడని దింపుతారు?" నా కాగితం మాత్రం అడిగి పుచ్చుకున్నాడు. చదవడం రాదు పాపం. మడతపెట్టి, కూతురి చేత బైబిల్లో పెట్టించాడు.

ఆయన గంట నేను మళ్లీ వినలేదు.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. నోటి పదును తగ్గలేదని కాలేజీ స్టాఫ్‌రూములో అందరూ చెబుతారు, నిజమే. అయితే ఎవరి ఉద్యోగానికో, పరువుకో తగిలే మాట అనేముందు ఓ కాగితం తీసి, కంటితో చూసింది మాత్రం రాసుకుంటాను. చాలాసార్లు పేజీ ఖాళీగానే ఉంటుంది, నోరు మూసుకుంటాను. రాసిన రోజున దాన్ని చదివి వినిపించేవారు లేరు. తాతయ్య గొంతు తెచ్చుకుని నాలో నేనే చదువుకుంటాను. చివర్లో ఆయన 'సరిగా ఉందా అమ్మలూ?' అని అడిగే చోట మాత్రం, ఎంత ప్రయత్నించినా, నా గొంతే వినిపిస్తుంది.