వెనక స్పీకర్ల అబద్ధం

నాకు ఆగుడు రాదు. లైన్ల నిలబడితె కాళ్లు గుంజుతయి, అవతలోడు ఫోన్ జల్ది ఎత్తకపోతె కోపమొస్తది. హన్మకొండల ఇరవై ఏండ్ల సంది ఇండ్లల్ల హోమ్ థియేటర్లు బిగిస్తాన. ఈ తొందరే ఒకసారి ముంచింది. నన్ను గాదు, డోర్నకల్ల ఒక పెద్దమనిషిని.

ఆయన రైల్వేల బండ్లకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ చేసి రిటైరయిండు. నేను కాకా అని పిలుస్త, ఆయన భార్యను చిన్నమ్మ అని. షుగర్ తోటి చూపు పోయింది. "సినిమా చూసుడైతె ఇగ లేదు బిడ్డా, మంచిగ వినేటట్టన్న చెయ్యి. ఎవడు ఎటు నుంచి వస్తాండో తెలవాలె" అన్నడు. యార్డుల ఉత్త చప్పుడు విని ఏ లైన్ల బండి కదులుతాందో చెప్పినోడాయె. చూపు పోయినంక గూడ కట్టె పట్టుకొని ఒక్కడే రోడ్డు దాటి పోయి చాయ్ తాగి వచ్చేటోడు. చెవుల మీద అంత భరోసా.

సినిమాల ఐదు స్పీకర్లకు ఐదు వేరే వేరే శబ్దాలు మూట కట్టి పంపుతరు. ఆ మూట విప్పాల్నంటె రిసీవర్ డబ్బాల డీకోడర్ ఉండాలె. దానికి ఆ మూట కట్టే తీరును, అంటె ఫార్మాట్‌ను, తయారు చేసిన కంపెనీ కాడ లైసెన్స్ తీసుకోవాలె, తయారు చేసెటోడు ఒక్కో డబ్బాకు ఇంత అని కట్టాలె. కట్టినోని డబ్బా మీద ఆ ఫార్మాట్ గుర్తు అచ్చేసి ఉంటది. లైసెన్స్ లేని డబ్బాకు మూట విప్పుడు రాదు. టీవీ దానికి ఎడమ, కుడి అని రెండు చానెళ్ల శబ్దమే ఇస్తది, డబ్బా ఏమో దాన్నే తీసి ఐదు స్పీకర్లల్ల పోస్తది. ముంగట మాత్రం సరౌండ్ అని నీలం లైటు వెలుగుతది.

నిజం చెప్పాల్నంటె మా దిక్కు ఇదెవ్వరు పట్టించుకోరు. బిగించుడు అయిపోంగనె ఇంటాయన లేచి పోయి వెనక స్పీకర్‌కు చెవి ఆనిస్తడు. అది మోగకపోతె "ఇది ఖరాబున్నది" అంటడు. వెనకది పనున్నప్పుడే మోగుతది సార్ అంటె వినడు. అందుకని లైసెన్స్ ఉన్న డబ్బాను గూడ అన్ని స్పీకర్లు ఒక్కతీరు మోగేటట్టు పెట్టి వస్తం. అందరు ఖుష్.

కాకాకు లైసెన్స్ డబ్బానే పెడ్తనని చెప్పి ఆర్డర్ ఇచ్చిన. వారం పడ్తదన్నరు. వారం ఎవడాగుతడు? షాపుల ఉన్న లైసెన్స్ లేని లోకల్ డబ్బాను పట్టుకపోయి బిగించిన. "నువ్వు చెప్పిందే గదా బిడ్డా?" అన్నడు. "అదే కాకా" అన్న. పాపం, చేతుల తోటి అంతా తడిమి చూసుకున్నడు. ఆ గుర్తు ఉన్నదో లేదో వేలికెట్ల తెలుస్తది?

నాలుగు రోజులకు ఫోన్ చేసిండు. "సినిమాల బండి ఎటు నుంచి వస్తాందో తెలుస్తలేదు బిడ్డా. అంతటా ఒక్కతీరు వినవస్తాంది." నేనప్పుడు ఇంకో పని మీద వర్ధన్నపేటకు పోతాన, బైక్ రోడ్డు పక్కకు ఆపుడే నాకు బరువయింది. "లైటు వెలుగుతాందా, చిన్నమ్మను అడుగు" అన్న. వెలుగుతాందట. "అయితె డబ్బా మంచిగనే ఉన్నది. వయసయితాంది గద కాకా, చెవులు జర చూపించుకో" అన్న. ఆ మాట యాదికొస్తె ఇప్పటికీ నా చెంప నేనే పలగ్గొట్టుకోవాలనిపిస్తది.

ఆయన మళ్ల ఫోన్ చెయ్యలే. అన్నం ముంగట కూసుంటె లేవబుద్ధి, బయటికి పోతె ఇంటికి రాబుద్ధి. పది రోజులకు నేనే చేస్తె చిన్నమ్మ ఎత్తింది. "దవాఖానకు తీస్కపోయిన. చెవులు మంచిగున్నయనే అన్నడు డాక్టరు. ఈయన నమ్ముతలేడు, నా ధైర్నం కోసం చెప్పిండు అంటాండు. గడప దాటుతలేడు. లారీ ఏ దిక్కు నుంచి వస్తదో నాకేం తెలుసు అని మంచంలనే కూసుంటాండు" అన్నది.

మరునాడు పొద్దుగాల లైసెన్స్ డబ్బా పట్టుకొని ప్యాసింజర్ ఎక్కిన. సీటున్నా కూసోలే. బండి స్టేషన్ స్టేషన్‌కు ఆగుతాంటె తలుపు కాడ నిలబడి ఏం చెప్పాల్నో వంద తీర్ల అనుకున్న. ఇంట్లకు పోయినంక ఒక్కటి యాదికి రాలే. "కాకా, నీ చెవులకేం కాలే. డబ్బా తప్పుది. తెలిసే పెట్టిన. ఫోన్ల గూడ తెలిసే అబద్ధం చెప్పిన" అన్న.

తిడ్తె బాగుండు. చిన్నమ్మ నన్ను చూసి మొఖం తిప్పుకున్నది. ఆయన మాత్రం "నిజంగనా? మళ్లొకసారి చెప్పు" అన్నడు. మళ్ల చెప్పిన. ఇంకొకసారి చెప్పుమన్నడు. మూడోసారి చెప్పేటప్పుడు నాకు ఏడుపొచ్చింది.

కొత్త డబ్బా బిగించి సినిమా పెట్టిన. కారు వెనకంగ వచ్చి కుడి దిక్కు పోతాంటె ఆయన వేలు గూడ దాని తోటే పోయింది, జర గూడ తప్పలే. హమ్మయ్య అనుకున్న. అప్పుడు కట్టె అడిగిండు. వాకిట్లకు వచ్చి గేటు పట్టుకొని నిలబడ్డడు, నేను పక్కన ఉన్న. రోడ్డు మీద ఒక ఆటో వచ్చింది, పోయింది. ఇంకోటి ఎడమ దిక్కు నుంచి వచ్చి పోయింది. ఆయన అడుగు ముంగటికి పడ్తలేదు.

"ఎడమ నుంచే వచ్చింది గదా బిడ్డా?" అని అడిగిండు, నన్ను.