దుకాణం మూశాక మడతలు

1969. నిజామాబాద్‌లో నేను లేబర్ ఇన్‌స్పెక్టర్‌ని. దుకాణాల్లో పనివాళ్ల గంటలు, సెలవులు, ఓవర్‌టైమ్, అంటే నిర్ణీత వేళ దాటాక చేసిన పనికి రెట్టింపు కూలి, ఇవన్నీ చూడటం నా ఉద్యోగం. నేను కనబడితే చాలు, సేట్లకు ఎక్కడలేని మర్యాదలూ గుర్తొచ్చేవి. చాయ్ తాగందే కదలనిచ్చేవారు కాదు.

పెళ్లిళ్ల కాలంలో ఒకరోజు సాయన్న ఆఫీసుకొచ్చాడు. బట్టల దుకాణంలో సేల్స్‌మన్, సొంతూరు బోధన్. గుమ్మం దగ్గరే నిలబడి అడిగాడు.

"సార్, దుకాణం బందైనంక సీరలు మడతవెట్టుడు పనేనా, కాదా?"

"పని కాక మరేమిటయ్యా?"

"మా సేటు కాదంటడు. గిరాకీ లేనప్పుడు పనేడిది అంటడు. గవన్ని మడతవెట్టేసరికి బోధన్ ఆఖరి బస్సు పోతది. దుకాణంలనే పండుకుంటున్న. ఇంటికి వారానికొకపారి పోతున్న. బిడ్డ గట్లనే పెద్దగైంది, గట్లనే అత్తగారింటికి పోయింది. ఇగ ఇంట్ల మా ఆమె ఒక్కతే ఉన్నది. నాకు పైసలు గాదు సార్, బస్సు గావాలె."

ఆ సేటు మీద నాకు ఒళ్లు మండింది.

"నా పేరు సెప్పకుండ్రి సార్" అని బతిమాలాడు. అందుకని ఆ వరసలోని దుకాణాలన్నీ తనిఖీ చేసుకుంటూ, మూసే వేళ దాటాక అతని దుకాణానికి చేరాను. తలుపు సగం వేసి ఉంది. లోపల తెల్ల పరుపు మీద చీరల గుట్ట. సాయన్న, మరో ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చుని మడతలు పెడుతున్నారు.

"దుకాణం బందే సార్. గిది పని గాదు. మావోళ్లు ముచ్చట వెట్టుకుంట మడతవెడ్తున్నరు" అన్నాడు సేటు నవ్వుతూ.

"అట్లయితే ఇళ్లకు పొమ్మనండి. ముచ్చట్లు రేపు చెప్పుకుంటారు."

"అయ్యో, పొద్దుగాల గిరాకీ అస్తే గీ కుప్పల నుంచి ఏం సూపియ్యాలె సార్?"

"మరి అది పని కాదూ?"

సేటు ఆ రోజు చాయ్ సంగతి కూడా ఎత్తలేదు.

ఓవర్‌టైమ్ కట్టాలని నోటీసిచ్చాను. రెట్టింపు కూలి అనేసరికి సేటు లెక్కలు వేసుకున్నాడు. మరుసటి వారం నుంచే గిరాకీని కాస్త ముందుగా ఆపి, మడతలన్నీ పనివేళలోనే ముగించడం మొదలుపెట్టాడు.

కొన్నాళ్లకు సాయన్న బస్టాండులో కనిపించాడు. ఇల్లెలా ఉందని అడిగాను.

"మొదటి దినం అన్నం యాళ్లకు పోయిన సార్. మా ఆమె బీడీలు చేసుడు ఆపి నా దిక్కే సూసింది. ఇద్దరం పళ్లాల ముంగట కూసున్నం. ఏం మాట్లాడాల్నో తెల్వలే. మా బిడ్డ ఉంటే ఇల్లంత ముచ్చట్లేనట సార్. అది ఉన్నప్పుడు గిట్ల అచ్చిఉంటే..."

మాట మధ్యలోనే బోధన్ బస్సు హారన్ కొట్టింది. "పోతున్న సార్! నేను పోయేదాక తినకుంట కూసుంటది" అంటూ పరుగెత్తాడు.

పోయిన సాయంత్రాలకు చట్టం కూలి ఇప్పించగలదు గానీ, వాటిని వెనక్కి తెచ్చివ్వలేదని ఆ బస్టాండులోనే నాకు తెలిసింది. ఆ బిడ్డ ముచ్చట్లు ఒక్కపూటైనా వినే యోగం అతనికి ఉంటే ఎంత బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

నాతో చీరలు కొనడానికి రావాలంటే మా ఆవిడకు చిరాకు. మూసే వేళకు "ఇంకో రెండు విప్పి చూపించమనండి" అంటుంది. నేను ససేమిరా ఒప్పుకోను. ముందు సేల్స్‌మన్‌ని అడుగుతాను, "మీదే ఊరు బాబూ? బస్సెన్నింటికి?" అని.