బండి దిగకుండా చెప్పిన జబ్బు

ఆ రోజు నేను బండి దిగలేదు. నా తప్పంతా అందులోనే ఉంది.

నిజాం కాలం. కామారెడ్డి పశువుల దవాఖానాలో డాక్టరుగా ఉండేవాణ్ణి. నెలకోసారి ఎల్లారెడ్డిలో మకాం వేసి చుట్టుపక్కల ఊళ్లు తిరిగేవాణ్ణి. ఆ పొద్దున నాగిరెడ్డిపేట వైపు నుంచి ఎడ్లబండిలో వస్తున్నాను. పోచారం నీళ్ల మీద లేచిన మంచు కోసిన మడులన్నీ కప్పేసింది. మా ఎడ్ల మెడ గంటలు ఇంకెవరి బండివో అన్నంత దూరంగా వినిపించాయి. నిద్రకూ మెలకువకూ మధ్య ఎక్కడో ఉన్నాను.

ఆ తెల్లదనంలో ఒక గొర్రెల మంద కనిపించింది. కోతలయ్యాక రైతులు ఎరువు కోసం మందను తమ మడిలో ఆపించుకుంటారు. మంద కాసే అవ్వ నా బండికి అడ్డం వచ్చింది. ఆమె వెనక ఒక నల్లకుక్క. మూతి ఒక పక్కకు జారి, చొంగ కారుతోంది.

"సాబ్, జర దిగి సూడుండ్రి. నిన్నటిసంది గిట్లనే ఉన్నది."

చొంగ చూశాను. అంతకంటే చూడలేదు. "పిచ్చి పట్టింది. పొద్దుగూకే లోపల చంపించెయ్యండి" అని దుప్పటి కప్పుకున్నాను. పక్క మడిలోని రైతులు విన్నారు. సర్కారు డాక్టరు మాట కదా!

క్రోసెడు దూరం పోయాక బండి తోలే ఆయన వెనక్కి తిరగకుండానే అడిగాడు. "సాబ్, పోయినేడు మా మామకు గూడ గట్లనే మూతి వంకరవోయింది. నీళ్లు తాగితే ఒక పక్కకెల్లి కారేటివి. మరి ఆయన్ను గూడ సంపాల్సిందేనా?"

నిద్ర వదిలింది. బండి తిప్పమన్నాను.

అప్పటికే రైతులు మందను మడిలోంచి తోలేశారు. నలుగురు కర్రలు పట్టుకుని నిలబడ్డారు. అవ్వ కుక్కను తన గొంగడిలో చుట్టి, దాని మీదికి వంగి కూర్చుంది. రాయి తగిలి దాని ముందుకాలు నెత్తురోడుతోంది.

"మల్లెందుకొచ్చిండ్రు? అది ఎన్నడు ఎవ్వర్ని కొరకలె. మీ మాటనే కొరికింది."

బండి దిగి నేల మీద కూర్చున్నాను. గడ్డిపోచతో కుక్క కుడికంటి మూల తాకాను. టక్కున రెప్ప వేసింది. ఎడమకన్ను తాకితే తల వెనక్కి లాక్కుంది కానీ రెప్ప పడలేదు. స్పర్శ తెలుస్తోంది, కదలికే పోయింది. ఎడమ చెవి, ఎడమ పెదవి వేలాడుతున్నాయి. ముంతలో నీళ్లు పెడితే గటగట తాగింది, సగం కారిపోయినా. రెండు దవడలూ గట్టిగానే మూసింది. పిచ్చి పట్టిన కుక్కకైతే గుటక దిగదు, దవడ వేలాడిపోతుంది. చెవి లోపల చీము. ముఖాన్ని కదిలించే నరం ఆ చెవి పక్క నుంచే పోతుంది; చీముకు అది పడిపోయింది, అంతే, పిచ్చి కాదు. నాకు తెలిసిన సంగతే అది. దిగి చూస్తే ఐదు నిమిషాల పని.

ఊళ్లో డప్పు కొట్టే ఆయనను పిలిపించాను. ఏం చాటాలో చెబితే అతను జంకాడు.

"మీదే తప్పని చెప్పాల్నా సాబ్? బాగుండది."

"బాగుండకపోయినా చెప్పు."

"డాక్టర్ సాబ్ సూడకుండనే కుక్కకు పిచ్చి అన్నడట! తప్పు ఆయనదేనట! అవ్వ మందను ఎవ్వరు తోలొద్దట!" వాడవాడలా చాటాడు. నేను అతని వెంట నడిచాను. ఒక ముసలాయన అరుగు మీద నుంచి, "గీ చదువులకేనా నెలనెలా తన్ఖా ఇచ్చేది?" అన్నాడు. డప్పు వెంట పక్క వాడకు నడిచాను.

అయినా రైతుల భయం పూర్తిగా పోలేదు. పిచ్చే అయితే పది రోజుల్లోపు చస్తుందని, అన్నాళ్లూ కుక్కను నా దగ్గరే కట్టేసుకుంటానని మాటిచ్చి, ఎల్లారెడ్డి మకాంకు తెచ్చుకున్నాను. రోజూ చెవి కడిగాను, కాలికి కట్టు కట్టాను. మూతపడని కన్ను ఎండిపోకుండా ఆముదం చుక్కలు వేసి, రెప్పను వేలితో మూసి పట్టుకునేవాణ్ణి. దాని రెండో కన్ను నన్నే చూస్తుండేది.

పదకొండో రోజున దాన్ని తాడుతో నడిపించుకుంటూ మంద దగ్గరికి వెళ్లాను. మూతి ఇంకా సరికాలేదు. అవ్వకు చుక్కలు ఎలా వేయాలో చూపించి, ఆముదం సీసా ఆమె చేతికిచ్చాను.