బావగారు రాసిచ్చిన ప్రశ్నలు

మా అక్క మొగుడు ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన పిల్లలకి పని నేర్పే మాస్టారు. ఆయన పాఠం చెప్పే గదికే పనిముట్లు అందించే స్టోరు కిటికీలో నేను కూర్చుంటాను. ఇరవై రెండేళ్ళుగా ఆకురాళ్ళు, స్కేళ్ళు, డ్రిల్లు బిట్లు ఇచ్చి పుచ్చుకుంటున్నాను కాబట్టి ఆయన పాఠం నాకూ కంఠతా వచ్చు. ఇంట్లో ఆయన నాకు బావగారు, గదిలో మాస్టారు. మరదలిని గనక ఆటపట్టించే హక్కు రెండు చోట్లా నాదే.

ఆయన పాఠంలో మాట తక్కువ. మొదటి నెలంతా ఇనపముక్కని ఆకురాయితో రుద్దడమే. ఎందుకని ఎవరూ అడగరు. "ముందు చెయ్యి నేర్చుకోవాలి, నోరు తరవాత" అంటారు. ఆయన చేతికింద తయారైనవాళ్ళు వెంట్రుకవాసి తేడాని వేలితో తడిమి చెప్పేస్తారు. మా దగ్గర చదువంటే ఇదే. బడిలో పంతులు చెప్పింది రాసుకున్నాం, ఇంట్లో నాన్న చెప్పింది విన్నాం, ఫ్యాక్టరీలో పైవాడు చెప్పింది చేశాం. నోరు విప్పితే పొగరంటారు, విప్పకపోతే బుద్ధిమంతుడంటారు.

కంపెనీని వేరే దేశంవాళ్ళు కొన్నాక వచ్చిన మేనేజరు ఈ బుద్ధిమంతులని చూసి హడలిపోయాడు. ఏడాదిపాటు కష్టపడి మన భాష నేర్చుకుని వచ్చాడు, పాపం, మాట్లాడేవాడే దొరకలేదు. మీటింగులో "ఎవరికైనా సందేహాలున్నాయా?" అంటే నలభైమందీ తలలు వంచుకునేవాళ్ళు. సందేహం లేక కాదు. అడిగితే ఆయనకి చెప్పడం చేతకాలేదని అందరి ముందూ అన్నట్టవుతుందని. ఆయనేమో వీళ్ళకి ఆసక్తే లేదనుకున్నాడు. వాళ్ళ దేశంలో పనికి చేరిన మొదటి రోజే కుర్రాడు "ఇది ఇలాగే ఎందుకు?" అని మాస్టారిని నిలదీస్తాడట. ఆకురాయి పట్టుకోవడం రాకముందే ఎందుకేమిటి, వాడి మొహం, అన్నాను నేను. ఇప్పటికీ అదే అంటాను.

బావగారి గదిలో ఒక పూట కూర్చుని మేనేజరు తేల్చేశాడు. "ఇక్కడ ఎవరూ ఆలోచించడం లేదు, మాస్టారూ. శుక్రవారం మళ్ళీ వస్తాను. అప్పటికి పిల్లలు ప్రశ్నలు అడగాలి. లేకపోతే ఈ గది మూసేసి శిక్షణ బయటివాళ్ళకి ఇచ్చేస్తాం. మీకు ప్యాకింగులో పని చూస్తాం."

ఆ సాయంత్రం బావగారు భోజనం సగంలో లేచిపోయారు. ముప్ఫై ఏళ్ళు పని నేర్పిన మనిషిని అట్టపెట్టెలకి తాళ్ళు కట్టుకోమన్నాడంటే నాకే కడుపు మండిపోయింది, ఆయనకెలా ఉంటుంది?

గురువారం ఆయనేం చేశారో తెలుసా? ఎనిమిది చీటీలు రాసి ఎనిమిదిమంది పిల్లలకీ పంచారు.

"రేపు ఈ ప్రశ్నలు అడగాలి. వరసగా. ఒక్క మాట కూడా మారకూడదు."

"అలాగే మాస్టారూ" అన్నారందరూ.

నేను నవ్వాపుకోలేక, "ప్రశ్నలు అడగమని ఆజ్ఞ వేశారన్నమాట, బావగారూ" అన్నాను.

"నీ పని నువ్వు చూసుకోవమ్మా."

శుక్రవారం డ్రిల్లింగు మిషను పాఠం. మేనేజరు వెనక స్టూలు మీద కూర్చున్నాడు. ఒకటో చీటీ అయింది, రెండో చీటీ అయింది. మేనేజరు మొహం వెలిగిపోయింది. బావగారికి మాత్రం చెమటలు కారిపోతున్నాయి. మూడోవాడు తడబడితే పెదవులు కదిపి అందిస్తున్నారు. ఆ కంగారులో ఇనపముక్కని, అది కదలకుండా బిగించి పట్టే వైసు దవడల మధ్య పెట్టారు గానీ, దవడలు బిగించడం మరిచిపోయారు. ఎడం చేత్తో ముక్కని పట్టుకుని, కుడి చెయ్యి మిషను మీట మీద వేశారు.

కిటికీలో ఉన్న నాకు కనబడలేదు. చుట్టూ నిలబడ్డ పిల్లలందరికీ కనబడింది. ఏడుగురు నోరు మెదపలేదు.

నాలుగో చీటీ కళ్ళజోడు పిల్లది. డ్రిల్లు ఎంత వేగంతో తిరగాలని అడగాలి. ఆ పిల్ల చీటీ జారవిడిచేసి, "మాస్టారూ, వైసు బిగించలేదండీ" అంది.

గది గదంతా బిక్కచచ్చిపోయింది. పై అధికారి ముందు గురువుకే తప్పు పట్టింది. పక్కవాడు ఆ పిల్ల చొక్కా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు.

బావగారు మీట మీంచి చెయ్యి తీశారు. వైసుని చూశారు. ఆ పిల్ల ఏడుపు మొహంతో "తప్పయిపోయిందండీ" అంది.

"కాదమ్మా" అని, మా అక్కకి కూడా ఎన్నడూ చెప్పని సంగతి చెప్పారు. "నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు మా గురువుగారు ఇలాగే బిగించడం మరిచిపోయారు. నేను చూశాను. అంతటివాడికి నేను చెప్పడమేమిటని ఊరుకున్నాను. ముక్క గిర్రున తిరిగి ఆయన రెండు వేళ్ళు తీసుకుపోయింది. నేను చూశానని ఆయన పోయేదాకా చెప్పలేకపోయాను."

తరవాత మేనేజరు వైపు తిరిగారు. "ఆ ప్రశ్నలన్నీ నేనే రాసిచ్చాను సార్. ఈ ఒక్క మాటే పిల్లది. గది మూసేస్తే మూసేయండి."

మేనేజరు వచ్చి కింద పడ్డ చీటీ తీసి చదువుకున్నాడు. "మూయను" అన్నాడు. గదిలో అందరి వైపూ తిరిగి, "మీరందరూ చూసి కూడా నాకు చెప్పనివి ఎన్ని ఉన్నాయి?" అని అడిగాడు.

ఎవరూ జవాబు చెప్పలేదు. పుట్టుకతో వచ్చిన అలవాటు ఒక్క పూటలో పోతుందా?

ఇప్పటికీ మొదటి నెల ఆకురాయే. కానీ కొత్త జట్టు డ్రిల్లింగు మిషను దగ్గరికి వచ్చిన రోజు, బావగారు ప్లగ్గు పీకేసి, వైసుని కావాలనే వదులుగా ఉంచి, "అంతా సరిగ్గా ఉందా?" అని అడుగుతారు. ఎనిమిదిమందీ వైసుని చూస్తూనే "ఉంది మాస్టారూ" అంటారు. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుంటారు. పోయినసారి గంటన్నర పట్టింది. నేను కిటికీలోంచి చెప్పబోతే కళ్ళతోనే ఆపేస్తారు. ఎవరో ఒకరు నోరు విప్పేదాకా, పది వేళ్ళూ ఒళ్ళో పెట్టుకుని అలా కూర్చునే ఉంటారు.