పుల్లీకి పసుపు

మేం అమెరికాలో, ఫ్రిస్కోలో ఉన్న రోజుల్లో మా ఆయన ఒక ఎర్ర పికప్ ట్రక్కు కొన్నాడు. సెకండ్ హ్యాండ్‌దే గానీ మామూలు ట్రక్కు కాదు. ఇంజన్ నెత్తిన సూపర్‌ఛార్జర్ ఉన్న రకం, స్టార్ట్ చేస్తే పక్కింటి కుక్క మొరిగేది. కొన్నవాడికి దాని బానెట్ ఎలా తెరవాలో కూడా తెలీదు. డేటాబేస్ మనిషి. ఆఫీస్ పార్కింగ్‌లో నలుగురూ తిరిగి చూస్తే చాలు ఆయనకి. బానెట్ తెరిచింది నేను.

నేను మెకానికల్ ఇంజనీర్ని. నమ్మకపోతే సర్టిఫికెట్ చూపిస్తాను, సూట్‌కేసు అడుగున ప్లాస్టిక్ కవర్లో ఉంది. క్లాసులో ముగ్గురమే అమ్మాయిలం, చున్నీ నడుముకి బిగించి లేత్ మీద పనిచేసినవాళ్ళం. పెళ్ళయి హెచ్ ఫోర్ వీసా మీద వచ్చాక ఆరేళ్ళలో నేను నడిపిన మెషిన్ డిష్‌వాషర్ ఒక్కటే. ఆ వీసా మీద వచ్చిన భార్యలు అప్పట్లో ఉద్యోగం చెయ్యకూడదు. తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌కి వెళ్తే ఎవరో ఒక ఆంటీ "నువ్వేం చేస్తున్నావమ్మా?" అనేది. "పులిహోర చేశానాంటీ" అనేదాన్ని. లోపల ఒళ్ళు మండిపోయేది.

ఆ బానెట్ కింద తల పెట్టగానే నాకు ప్రాణం లేచొచ్చింది. సూపర్‌ఛార్జరంటే మరేం లేదు, ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా నెట్టే పంపు. ఇంజనే ఒక బెల్టుతో దాన్ని తిప్పుతుంది. బెల్టు పట్టుకునే చక్రం, అదే పుల్లీ, చిన్నదైతే పంపు ఇంకా జోరుగా తిరుగుతుంది. గాలి పెరుగుతుంది, పవరూ పెరుగుతుంది. చిన్న పుల్లీ తెప్పించండి, నేనే మారుస్తానన్నాను.

"పాడుచేస్తే?" అన్నాడు మా ఆయన.

"చెయ్యను."

"చేస్తే?"

ఆఖరికి ఒప్పందానికొచ్చాం. ఊరి చివర ఒక షాపులో డైనో అని ఉంటుంది. బండిని రోలర్ల మీదికెక్కించి, కదలకుండా కట్టేసి, నిలబెట్టే పరిగెత్తిస్తారు. ఎంత పవరొచ్చిందో స్క్రీన్ మీద నంబరు పడుతుంది. పుల్లీ మార్చకముందు ఒకసారి, మార్చాక ఒకసారి చూడాలి. నంబరు పెరగకపోతే ట్రక్కు అమ్మేసి మినీవ్యాన్ కొంటాం, నేను మళ్ళీ రెంచి ముట్టుకోను. సరేనన్నాను. నిజం చెప్పాలంటే నాకు స్పీడూ అక్కర్లేదు, పవరూ అక్కర్లేదు. నేనింకా ఇంజనీర్నేనని మనుషులెవరూ అనడం లేదు కదా, పోనీ ఒక మెషినన్నా అనాలి. మొదటిసారి పడిన నంబరు మూడొందల ముప్పై.

అప్పుడు మా అత్తగారు ఆర్నెల్లు ఉందామని వచ్చి ఉన్నారు. పుల్లీ వచ్చిన శనివారం పొద్దున్నే నేను అవెన్ ఖాళీ చేస్తుంటే వంటింట్లోకి వచ్చారు. మన ఇళ్ళల్లో అవెన్ అంటే మూకుళ్ళు దాచుకునే బీరువాయే కదా. అవన్నీ కింద పేర్చి, స్టీలు పళ్ళెంలో పుల్లీ పెట్టి లోపలికి తోశాను. వేడికి ఇనుము వ్యాకోచిస్తే పంపు ఇరుసు మీదికి సులువుగా ఎక్కుతుంది.

"ఏం వండుతున్నావే?"

"పుల్లీ అత్తయ్యా."

"ఎంతసేపు ఉడకాలి?"

"ఇరవై నిమిషాలు."

ఆవిడ కుర్చీ లాక్కుని అవెన్ ముందే కూర్చున్నారు. అడుగంటుతుందేమోనని మధ్యలో రెండుసార్లు తలుపు తీసి చూశారు కూడా.

గరాజ్‌లో పాతది పీకేశాను. కొత్తది చేతికి గ్లవ్స్ తొడుక్కుని ఒక్క ఊపున ఎక్కించాను. ఎక్కువ గాలికి తగ్గట్టు పెట్రోలు వెళ్ళాలంటే ట్రక్కు కంప్యూటర్లో ఒక ఫైల్ మార్చాలి. అది మా ఆయన చేశాడు. ల్యాప్‌టాప్ తగిలించి, రెండు బటన్లు నొక్కి, యజ్ఞం చేసినవాడిలా నుదురు తుడుచుకున్నాడు. ఇక బెల్టు తగిలించబోతుంటే అత్తగారు గిన్నెతో ప్రత్యక్షం.

"కొత్త వస్తువు, పసుపు పెట్టకుండానే తిప్పేస్తావా? నాలుగు చుక్కలు నూనె కలిపాను, ఇనుముకి పట్టుకోవాలని."

కాదనలేదు. కాదనాలని తోచనే లేదు! కుక్కర్‌కి పెట్టాం, టీవీకి పెట్టాం, దీనికెందుకు పెట్టం? పైగా ఏం చేసినా నీట్‌గా చెయ్యడం నా రోగం. పుల్లీ మీద సన్నటి గాడులుంటాయి, బెల్టు జారకుండా. ఒక్క గాడి కూడా వదలకుండా వేలితో పూసి, మూడు కుంకుమ బొట్లు పెట్టాను. బెల్టు ఎందుకు జారుతుంది, ఎందుకు జారదు అని పరీక్షలో పేజీలు పేజీలు రాసినదాన్ని, నా చేతులతో నేనే నూనె పూశాను.

నాలుగు టైర్ల కిందా నిమ్మకాయలు తొక్కించి బయల్దేరాం. ముందు సీట్లోనే ముగ్గురం, మధ్యలో అత్తగారు. గేరు మారినప్పుడల్లా కీచుమని ఒకటే అరుపు. "కొత్త పుల్లీ కదా, సర్దుకుంటుంది" అన్నాను. కాసేపటికి ఏసీలోంచి పోపు మాడిన వాసన. "ఎవరో పప్పు తాలింపేస్తున్నారు" అన్నారు అత్తగారు, హైవే మీద.

డైనో మీద నంబరు పడింది. మూడొందల పది.

మా ఆయన ఫోన్ తీసి మినీవ్యాన్లు చూడటం మొదలుపెట్టాడు. ఆరేళ్ళకి చదువంతా తుడిచిపెట్టుకుపోయింది, ఇక పులిహోరే గతి అనుకున్నాను.

షాపు పెద్దాయన బానెట్ ఎత్తాడు. ఇంజనంతా పసుపు. బెల్టు విసురుకి గోడలకీ, బ్యాటరీకీ, బానెట్ లోపలికీ చిమ్మింది. వేలితో తీసి వాసన చూశాడు. "మస్టర్డా, మ్యామ్?" అన్నాడు, వాళ్ళు బర్గర్లో వేసుకునే పచ్చటి ఆవసాస్ అనుకుని.

అప్పుడు వెలిగింది నాకు. నా తల నేలకేసి కొట్టుకుందామనిపించింది. సిగ్గు చంపుకుని, పసుపనీ, పూజనీ అంతా చెప్పాను. ఆయన టోపీ తీసి అత్తగారివైపు తిరిగాడు. "తుడిస్తే ఫర్వాలేదా అడగండి."

"తుడవమను. పట్టాల్సింది ఈపాటికి పట్టేసుంటుంది" అన్నారావిడ.

బ్రేకులు కడిగే స్ప్రేతో గాడిగాడీ కడిగాను. ఆయన కొత్త బెల్టు ఇచ్చాడు, నేనే బిగించాను. మళ్ళీ పరిగెత్తించాం. ట్రక్కు ఈసారి కీచుమనలేదు, బొబ్బ పెట్టింది. మూడొందల డెబ్భై ఎనిమిది! నేను అరిచిన అరుపుకి అత్తగారు చెవులు మూసుకున్నారు. మా ఆయన ఫోన్ జేబులో పెట్టేశాడు.

పెద్దాయన కాయితం ప్రింట్ చేస్తూ, "ఎవరు బిగించారు?" అన్నాడు. మా ఆయన నావైపు చెయ్యి చూపించాడు. "నాకు మంచి మెకానిక్ దొరకడం లేదు. సోమవారం నుంచి వస్తారా?"

వస్తానని నోటిదాకా వచ్చింది. మింగేశాను. వీసా సంగతి చెప్పాను.

"అంటే రెంచి తిప్పడం నేరమా?"

"నా బండికి తిప్పొచ్చు. మీ దగ్గర తిప్పకూడదు."

ఆయన కాయితం నా చేతిలో పెట్టాడు. ట్రక్కెక్కాక అత్తగారు అడిగారు. "ఏమన్నాడే?"

"ఉద్యోగంలోకి రమ్మన్నాడు."

"మరి వెళ్ళవే!"

"వెళ్ళకూడదత్తయ్యా. ఒప్పుకోరు."

"ఎవరు, వీడా?" అంటూ కొడుకు నెత్తిన ఒక్కటిచ్చారు. డ్రైవ్ చేస్తున్నవాడు ఉలిక్కిపడ్డాడు.

"ఆయన కాదు. గవర్నమెంట్."

ఇల్లు చేరి లోపలికెళ్ళగానే ఆవిడ కాయితం నా చేతిలోంచి తీసుకుని, దేవుడి ముందు పెట్టి, నాలుగు మూలలా పసుపు రాశారు.

"అది అపాయింట్‌మెంట్ ఆర్డర్ కాదత్తయ్యా" అన్నాను.

"నాకు తెలుసులే, నువ్వూరుకో" అన్నారు.

వంటింట్లో కిందంతా మూకుళ్ళు అలాగే పడున్నాయి. వాటి మధ్యే కూర్చుని భోరుమన్నాను. ఇదన్నా జారిపోకూడదనేమో, ఆవిడ ఈసారి పసుపులో నూనె కలపలేదు, నీళ్ళే కలిపారు.